మూడేళ్ళ నైట్ గార్డ్: పళ్ళను కాపాడింది, దవడ సంగతి వేరు

నా మంచం పక్క సొరుగులో ఒక నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. నిద్రలో కొరికే పళ్ళు అరగకుండా పై పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ అందులోనే పెడతాను. కొత్తలో అద్దంలా ఉండేది. ఇప్పుడు లైటుకు పెట్టి చూస్తే అడుగంతా గీతలే. ఎడమవైపు చివరి పళ్ళు ఆనేచోట గోరు దిగేంత గుంట పడింది. ఈ మూడేళ్ళలో ఆ గుంట నా పంటి మీద పడి ఉండాల్సింది.

మూడేళ్ళ కిందట సంక్రాంతికి సకినం కొరికితే ఎడమ దవడ పన్ను అంచు విరిగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి దగ్గరి డెంటిస్టుకు చూపిస్తే, ఆ పన్ను ముందే బీటలు వారి ఉందని, తప్పు సకినానిది కాదని చెప్పారు. చేతికి అద్దమిచ్చి చూడమన్నారు. కోరపళ్ళ మొనలు అరిగి చదునుగా ఉన్నాయి. బుగ్గల లోపల తెల్లటి గీత, నాలుక అంచుల్లో పళ్ళ అచ్చులు. "నిద్రలో పళ్ళు కొరుకుతారా?" అని అడిగితే లేదన్నాను. "రోజూ కొరుకుతుంది డాక్టర్, రాళ్ళు నమిలినట్టు చప్పుడు" అన్నారు పక్కనున్న మా ఆయన. ఇంటికొచ్చాక అత్తమ్మ, "కడుపుల పురుగులుంటే గట్లనే కొరుకుతరు బిడ్డా, మందేసుకో" అంది. మన ఇళ్ళలో అందరూ అనే మాటే అది. కానీ నా పళ్ళకు ఆ మందుతో పనిలేదు. దీన్ని డాక్టర్లు బ్రక్సిజం అంటారు. నిద్రలో కొరకడం ఒక రకం, పగలు తెలియకుండా దవడ బిగించడం ఇంకో రకం. నాకు రెండూ ఉన్నాయి.

అంతకుముందు ఏడాది పాటు చెవినొప్పి అనుకుని తిరిగాను. చుక్కల మందులు వేసుకున్నాను, యాంటీబయాటిక్ కోర్సు వాడాను. చెవిలో ఏమీ లేదనేవాళ్ళు, మందు మాత్రం రాసేవాళ్ళు. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి, కదులుతూ తగులుతుంది కదా, అదే దవడ కీలు. చెవికి అంత దగ్గరగా ఉండబట్టే అక్కడి నొప్పి చెవిలో నొప్పిలా అనిపిస్తుంది. అలాగే కణతల మీద వేళ్ళుంచి పళ్ళు బిగిస్తే అక్కడ కండరం ఉబ్బుతుంది. పొద్దున లేవగానే కణతల దగ్గర తలనొప్పి ఎందుకొచ్చేదో నాకు అప్పుడు అర్థమైంది.

ముందు ఆన్‌లైన్‌లో వేడినీళ్ళలో మెత్తబరిచి పళ్ళకు అద్దుకునే గార్డ్ కొన్నాను, 600 రూపాయలు. అది నాకు పనికిరాలేదు. మెత్తగా ఉంటే కొంతమంది ఇంకా ఎక్కువ నములుతారట, నేనూ అంతే. రెండు నెలల్లో చిల్లు పడింది.

తర్వాత విరిగిన పంటికి క్యాప్ వేయించుకుని, గట్టి అక్రిలిక్ గార్డ్ చేయించుకున్నాను. క్యాప్ తర్వాతే గార్డ్ అని డాక్టర్ చెప్పడం మంచిదైంది. లేకపోతే పన్ను ఆకారం మారి గార్డ్ పట్టేది కాదు. చల్లటి ముద్దలాంటి పదార్థం నింపిన ట్రే నోట్లో పెట్టి అచ్చు తీశారు. ల్యాబ్ నుంచి వారానికి వచ్చింది. పళ్ళు ఆనినచోట మచ్చ పడే నీలం కాగితం కొరికిస్తూ, మచ్చ ఎక్కువ పడినచోట అరగదీస్తూ అరగంట సరిచేశారు. ఆ అరగంటే అసలు విలువ అంటాను నేను. అన్ని పళ్ళూ ఒకేలా ఆనాలి. ఒక పన్ను మీదే బరువు పడితే అది నొప్పి పెడుతుంది. మొత్తం 6,500 రూపాయలయింది. అంత ఖర్చు కష్టమైనవాళ్ళకు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

మొదటి రెండు వారాలు ఉమ్మి ఊరేది, నిద్రలోనే తీసి దిండు కింద పెట్టేసేదాన్ని. పొద్దున తీశాక పళ్ళు కాసేపు సరిగ్గా కలిసినట్టు అనిపించవు, కాసేపటికి సర్దుకుంటుంది. రోజంతా అలాగే ఉంటే మాత్రం డాక్టర్‌కు చూపించాలి. చల్లటి నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. వేడినీళ్ళు తగిలితే వంగిపోతుంది.

మూడేళ్ళలో ఇంకో పన్ను విరగలేదు. చప్పుడు లేక మా ఆయన హాయిగా పడుకుంటున్నారు. కానీ దవడ నొప్పి పూర్తిగా పోలేదు. గార్డ్ కొరకడాన్ని ఆపదు, పళ్ళ బదులు తాను అరుగుతుంది. కొనేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి.

నొప్పి సంగతి నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాక తెలిసింది. నేను అకౌంట్స్ చూస్తాను. నెలనెలా 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయాలి. నా నొప్పి రోజులన్నీ ఆ రెండు తేదీల చుట్టూనే ఉన్నాయి. లెక్కలు కుదరక స్క్రీన్ వైపు చూస్తున్నప్పుడు, అమీర్‌పేటలో మెట్రో మారేటప్పుడు జనంలో నిలబడ్డప్పుడు, దవడ బిగించే ఉంటున్నాను. ఊరికే ఉన్నప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ అసలు తగలకూడదట. పెదవులు మూసి, పళ్ళ మధ్య సందు ఉంచి, నాలుక కొనను పై ముందు పళ్ళ వెనక ఆనించాలి. ఇది నాకు నలభై ఏళ్ళకు తెలిసింది! మానిటర్ మూలన ఒక ఎర్ర బొట్టుబిళ్ళ అంటించాను. కంటపడినప్పుడల్లా దవడ వదులు చేస్తాను. మొదటి నెల ఎప్పుడు చూసినా బిగించే ఉండేది. ఇప్పుడు పదిసార్లలో మూడుసార్లు ఉంటుందేమో. నొప్పి తగ్గింది దీనివల్లే అని నా నమ్మకం. రాత్రి పడుకునే ముందు వేడి తువాలు పది నిమిషాలు పెట్టుకుంటాను. సాయంత్రం ఐదు దాటాక చాయ్ మానేశాను.

ఒక క్లినిక్‌లో పళ్ళన్నీ అరగదీసి కాటు, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు, సరిచేస్తేనే తగ్గుతుందన్నారు, 80,000 అవుతుందన్నారు. ఒకసారి అరగదీస్తే ఆ పన్ను తిరిగి పెరగదు. నాకు కోపం కన్నా భయమేసింది. ఎవరైనా అలా అంటే, ఇంకో డాక్టర్‌ను అడగకుండా దయచేసి ఒప్పుకోకండి. ఇంకోచోట చెంప కండరానికి బొటాక్స్, అంటే కండరాన్ని వదులు చేసే ఇంజెక్షన్, చెప్పారు. దాని పని కొన్ని నెలలే, మళ్ళీ వేయించుకోవాలి. నేను వద్దనుకున్నాను.

గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్ళు గార్డ్ కన్నా ముందు నిద్ర పరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలి, ఇలా నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళలో పళ్ళు కొరకడం కూడా కనిపిస్తుంది. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలతోనూ ఇది రావచ్చు. అలాగని మీ అంతట మీరు మాత్రలు ఆపకండి, రాసినవాళ్ళతో మాట్లాడండి. పిల్లలు కొరుకుతుంటే మరీ కంగారు వద్దు, చాలామందికి పెద్దయ్యేకొద్దీ అదే పోతుంది.

ఎడమవైపు గుంట ఇంకొంచెం లోతైతే చిల్లు పడేలా ఉంది. వచ్చే నెల 20వ తేదీ పని అయ్యాక కొత్తదానికి అచ్చు ఇస్తున్నాను. మళ్ళీ గట్టిదే.