నల్లగొండలో కూర్చుని చదివిన హవాయి భూమి రికార్డులు: ‘పాపాకిలో’ డిజిటల్ గ్రంథాలయంపై సమీక్ష

రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, అందులో ఎక్కువ కాలం నల్లగొండ, దేవరకొండ కార్యాలయాల్లో పహాణీలు, సేత్వార్లు వంటి భూమి రికార్డుల మధ్యనే గడిపినందువల్ల, ఏ దేశం చరిత్ర తెలుసుకోవాలన్నా ముందుగా దాని భూమి లెక్కలు చూడాలనే అలవాటు నాకు ఏర్పడింది. గత ఏడాది హవాయి రాజ్య చరిత్ర నేర్పుతామన్న ఒక ఆన్‌లైన్ కోర్సులో డబ్బు కట్టి చేరాను. కెప్టెన్ కుక్ రాక, చెరకు తోటలు, పెర్ల్ హార్బర్, ఇంతటితో పాఠాలు ముగిశాయి. 1840 నాటికే లిఖిత రాజ్యాంగం ఏర్పరచుకుని, 1843 నవంబరు 28న బ్రిటన్, ఫ్రాన్స్‌ల ఉమ్మడి ప్రకటన ద్వారా స్వతంత్ర దేశంగా గుర్తింపు పొందిన రాజ్యానికి అందులో రెండు వాక్యాలు కూడా దక్కలేదు. ఆ అసంతృప్తితో వెతుకుతుండగా ‘పాపాకిలో’ అనే డిజిటల్ గ్రంథాలయం కనిపించింది.

హవాయి మూలవాసుల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ ‘ఆఫీస్ ఆఫ్ హవాయియన్ అఫైర్స్’ నిర్వహించే ఈ గ్రంథాలయాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పాత పత్రికలు, స్థలనామాలు, భూమి హక్కుల పత్రాల సూచికలు ఇందులో ఉన్నాయి. నేను ఎక్కువ కాలం గడిపింది మాత్రం ‘మాహెలే ఆయినా’ సూచికలోనే. మాహెలే అంటే పంపకం, ఆయినా అంటే భూమి.

ఆ పంపకానికి ముందు హవాయిలో భూమికి మన అర్థంలో పట్టాదారు లేడు. కొండ నుంచి సముద్రం దాకా చీలికలా సాగే ‘అహుపువాఆ’ అనే పొలిమేరలో ప్రజలు కాలువ నీటితో చామగడ్డ పండించుకునేవారు, అడవిలో కట్టెలు తెచ్చుకునేవారు, తీరంలో చేపలు పట్టుకునేవారు. మన పటేళ్లను గుర్తుకు తెచ్చే ‘కోనోహికి’ అనే అధికారి దొర తరఫున ఆ పొలిమేరను చూసుకునేవాడు. 1848 జనవరి 27 నుంచి మార్చి 7 వరకు మూడవ కమేహమేహా రాజు తన దొరలు, కోనోహికీలలో 240 మందికి పైగా ఒక్కొక్కరితో భూములు పంచుకుని, ఎవరి వాటా ఏదో ఒక పుస్తకంలో రాయించాడు. ఆ మరునాడే తన వాటాలో అధిక భాగాన్ని ప్రభుత్వ భూమిగా విడదీసి, మిగిలినదాన్ని రాజు సొంత భూమిగా ఉంచుకున్నాడు. విదేశీయులు భూమి కొనుక్కునేందుకు అనుమతించిన చట్టం, సాగుదారుకు హక్కిచ్చిన ‘కులేయానా’ చట్టం, రెండూ 1850లోనే, ఒక నెల తేడాతో వచ్చాయి.

సాగుదారుడు తన కులేయానా, అంటే తాను సాగుచేసుకునే భూమిపై హక్కు కోసం భూమి కమిషన్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి, ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పాలి, సర్వే జరగాలి. ఆ సాక్ష్యాలు చదువుతుంటే నాకు మన సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితపు కొనుగోలు) విచారణలే కళ్ల ముందు మెదిలాయి. హద్దులు చెప్పే పద్ధతి మాత్రం వేరు. మనం తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం రాస్తాం. వాళ్లు ‘మౌకా’ అంటే కొండ దిక్కు, ‘మకాయి’ అంటే సముద్రం దిక్కు అని చెప్పి, ఆ వైపున ఎవరి మడి ఉందో పేరు పెట్టి చెబుతారు. గుట్ట దిక్కు ఫలానావాళ్ల చెలక, చెరువు దిక్కు ఫలానావాళ్ల పొలం అని మన రైతులు మోఖా మీద, అంటే పొలం దగ్గరే నిలబడి, చూపించే తీరు కూడా ఇదే కదా! దరఖాస్తు నంబరు, పేరు, దీవి, పొలిమేరలను బట్టి సూచికలో వెతకవచ్చు కాబట్టి, ఒక లోయలోని కుటుంబాలను వరుసగా పట్టుకుని చూస్తే ఆ ఊరి నక్షా దానంతట అదే మనసులో గీసుకున్నట్టు తయారవుతుంది.

ఈ లెక్కలు చూసినప్పుడు కలిగిన బాధ కూడా చెప్పాలి. సుమారు 14 వేల దరఖాస్తులు వస్తే, మంజూరైనవి 8 వేల పైచిలుకు మాత్రమే. సామాన్య ప్రజలకు దక్కిన మొత్తం భూమి రాజ్య విస్తీర్ణంలో ఒక శాతం కన్నా తక్కువ. దున్నుకున్న మడి, ఇంటి జాగా మాత్రమే పట్టాలో చేరాయి. కట్టెలు, ఇంటి కలప, గడ్డి, నీళ్లు, తోవ వంటి హక్కులను చట్టం నిలిపినా, ఉమ్మడిగా వాడుకున్న మిగతా భూమి పట్టాకు బయటే ఉండిపోయింది. బంచరాయి, అంటే ఊరుమ్మడి మేత భూమి, చేజారితే పల్లెలో పశువుల గతి ఏమవుతుందో మన జిల్లా రైతులకు విడమరచి చెప్పనవసరం లేదు.

పత్రికల విభాగం మరో పెద్ద నిధి. 1834లో మౌయి దీవిలోని లహాయినాలూనా పాఠశాలలో అచ్చయిన ‘కా లామా హవాయి’తో మొదలైన హవాయి భాషా పత్రికా రంగం నూరేళ్లకు పైగా సాగింది. హవాయి భాష మన తెలుగులాగే అజంతం. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. కాబట్టి ఆ పేర్లు తెలుగు లిపిలో ఎంత హాయిగా ఒదుగుతాయో రాసి చూస్తేనే తెలుస్తుంది. ఆ పత్రికల్లో చాలా భాగానికి అనువాదం లేదు. ఉలూకావు అనే మరో ఉచిత గ్రంథాలయంలోని నిఘంటువును పక్కన తెరుచుకుని, మాట మాటకూ ఆగుతూ చదవాలి. ఓపిక లేనివారికి ఇది తగదు. ఫోన్‌లో కూడా చదవకండి. పాత అచ్చును పెద్ద తెర మీద చూస్తేనే అక్షరం తెలుస్తుంది.

భూమి కథ చివరకు ఎక్కడికి చేరిందో తెలుసుకోవడానికి మనోవాలోని హవాయి విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో ఉంచిన, హవాయిని అమెరికాలో కలిపిన విలీనానికి సంబంధించిన పత్రాలను కూడా చూశాను. 1893 జనవరి 16న అమెరికా యుద్ధనౌక బోస్టన్ నుంచి 162 మంది సైనికులు హోనోలులులో దిగారు. మరునాడు హవాయి రాజ్యాన్ని పాలిస్తున్న లిలియువోకలాని రాణిని పదవీచ్యుతురాలిని చేశారు. విలీనాన్ని వ్యతిరేకిస్తూ 1897లో ప్రజలు దీవి దీవినా తిరిగి సేకరించిన సంతకాలు 21,269. అప్పటికి మూలవాసుల సంఖ్య సుమారు 40 వేలు అని గుర్తుంచుకుంటే ఆ అంకె బరువు అర్థమవుతుంది. ఆ సంవత్సరం చివర్లో నలుగురు ప్రతినిధులు ఆ కాగితాలను వాషింగ్టన్‌కు తీసుకువెళ్లారు. విలీన ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు దొరకలేదు. కానీ స్పెయిన్‌తో యుద్ధం మొదలయ్యాక, సాధారణ మెజారిటీతో నెగ్గే ఉమ్మడి తీర్మానం ద్వారా 1898 జూలైలో విలీనానికి ఆమోదం లభించింది. మాహెలేలో రాజు, ప్రభుత్వం పేర రాసుకున్న భూముల్లో మిగిలిన సుమారు 18 లక్షల ఎకరాలు అలా అమెరికా చేతికి వెళ్లాయి. రాణిని కూలదోయడంలో అమెరికా పాత్రకు 1993లో అమెరికా కాంగ్రెస్ క్షమాపణ తీర్మానం చేసింది.

ఆ సంతకాల పుటలను మా పక్కింటి విశ్రాంత ఉపాధ్యాయురాలికి చూపించాను. పైన తాలూకా, దీవి రాయడానికి గీతలు. కింద పేరు, వయసు గడులు. మగవారికి, ఆడవారికి వేరువేరు పుటలు. ఆమె చాలాసేపు చూసి, “అన్నా, ఇన్ని వేల మంది తమ పేరు తామే రాసుకునేంత చదువు ఆ కాలంలోనే ఉన్నదా?” అని అడిగారు. ఉన్నది. అందుకే ఆ రాజ్యం కథను ఆ ప్రజల మాటల్లోనే చదవగలుగుతున్నాం.

చరిత్ర విద్యార్థులకు, ముఖ్యంగా భూమి రికార్డులతో పని ఉన్నవారికి, నేను ఐదుకు నాలుగున్నర ఇస్తాను. మొదటిసారి చూసేవారు పత్రికలతో కాకుండా సంతకాల పుటలతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఒకే లోయను ఎంచుకుని మాహెలే సూచికలోకి వెళ్లండి.