అరండల్‌పేట ట్రాన్స్‌లేషన్ ఆఫీసు: మా అమ్మాయి గ్రీన్‌కార్డు కాగితాలు ఇక్కడే చేయించాం

అమెరికాలో ఉన్న మా పెద్దమ్మాయికి పోయిన ఏడు విడాకులయ్యాయి. తనకున్నది రెండేళ్ల కండిషనల్ గ్రీన్‌కార్డు. పెళ్లయి రెండేళ్లు నిండకముందే కార్డు వస్తే ఇలాంటిదే ఇస్తారు. మామూలుగా దాని గడువు తీరే ముందు 90 రోజుల్లో ఆ కండిషన్ తీయించుకోవడానికి భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టి ఐ-751 అనే ఫారం వేయాలి. విడాకులైతే ఒక్కరే వేసుకోవచ్చు, దాన్ని వేవర్ అంటారు. కాకపోతే ఆ పెళ్లి కార్డు కోసం చేసుకున్నది కాదని, మనస్ఫూర్తిగా చేసుకున్నదేనని కాగితాలతో చూపించాలి. విడాకుల డిక్రీ, జాయింట్ అకౌంటు, అద్దె అగ్రిమెంటు, టాక్సు కాగితాలు అమ్మాయి దగ్గరే ఉన్నాయి. శుభలేఖ అనువాదం, నా అఫిడవిట్ గుంటూరు నుంచి వెళ్లాలి.

మొదట ఇంకోచోట ఇచ్చాం. అరగంటలో కొట్టి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి చూస్తే అమ్మాయి పేరు ముందున్న చి.ల.సౌ. ని పేరులో కలిపేశారు! పాస్‌పోర్టులో ఒక పేరు, ఇందులో ఇంకో పేరు. ఆ రాత్రి టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. మా మరిది చెబితే మర్నాడు ఈ ఆఫీసుకి వెళ్లాను.

ఇక్కడి పెద్దాయన శుభలేఖని పైనున్న శ్లోకం నుంచి కింద బంధుమిత్రుల అభినందనల దాకా చదివారు. ముహూర్తం దగ్గర ఆగారు. బుధవారం రాత్రి 2.14, తెల్లవారితే గురువారం అని ఉంది. "అమ్మా, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఏ తారీఖు వేశారు?" అని అడిగారు. గురువారం తారీఖే. "మనకి తెల్లారేదాకా బుధవారమే. వాళ్లకి రాత్రి పన్నెండు దాటితే గురువారం. అక్కడి ఆఫీసరు తారీఖు తేడా ఉందనుకుంటాడు" అని, అనువాదం అడుగున ఆ సంగతి నోట్ రాశారు. 2022 నుంచి ఆ శుభలేఖ మా బీరువాలోనే ఉంది, నాకెప్పుడూ ఆ సంగతి తట్టలేదు.

అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని, తనకు రెండు భాషలూ వచ్చని సంతకం చేసి సర్టిఫికెట్ ఇచ్చారు. యూఎస్‌సీఐఎస్, అంటే ఈ ఫారాలు చూసే అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసు, అడిగేది అదే. అనువాదానికి నోటరీ అక్కర్లేదని ఆయనే చెప్పారు, ఆ ఖర్చు తప్పింది.

అఫిడవిట్ సంగతి వేరు. అల్లుడి మీద కోపమంతా రెండు పేజీలు రాసి పట్టుకెళ్లాను. ఆయన చదివి, మడిచి, మళ్లీ నా చేతికే ఇచ్చారు. "టీచరు గారూ, ఎందుకు విడిపోయారో రాయాలా వద్దా అన్నది అక్కడి లాయరు గారిని అడగండి, అది నేను చెప్పేది కాదు. వాళ్లు కలిసి కాపురం చేయడం మీరు కళ్లారా చూశారు కదా, అది చెప్పండి" అన్నారు.

2024 వేసవిలో మూడు నెలలు వాళ్లింట్లో ఉన్నాను. కరెంటు బిల్లు ఇద్దరి పేర్లతో వచ్చేది. శనివారం ఇద్దరూ కలిసి సరుకులకి వెళ్లేవాళ్లు. అమ్మాయికి జ్వరం వస్తే అల్లుడు రెండు రోజులు సెలవు పెట్టాడు. నన్ను లేవనివ్వకుండా తనే మిరియాల చారు పెట్టాడు, పోపు మాడిపోతే పారబోసి మళ్లీ పెట్టాడు. అది చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పెన్ను పక్కన పెట్టి, కుర్రాడితో మంచినీళ్లు తెప్పించి, నేను తేరుకునేదాకా మాట్లాడకుండా కూర్చున్నారు. బయట ఇంకో ఇద్దరు వెయిట్ చేస్తున్నా నన్ను తొందరపెట్టలేదు. ఆ మిరియాల చారు అఫిడవిట్‌లో ఉంది. లాయరు గారు కూడా దాన్ని ఉంచమన్నారట.

ఇలాంటి అఫిడవిట్లు కనీసం ఇద్దరివి కావాలి. రాసేవాళ్ల పేరు, అడ్రసు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, వాళ్లకేమవుతారు, చెప్పిన విషయం ఎలా తెలుసు అన్నీ ఉండాలి. రెండోది అక్కడ వాళ్ల పక్కింటి తెనాలి అమ్మాయి ఇచ్చింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆఫీసు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, నా మోకాళ్లకి నరకం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫోన్ ఎత్తరు. మా డోర్ నంబరు ఒకచోట తప్పు పడింది, చెప్పగానే మళ్లీ ప్రింట్ తీసి ఇచ్చారు, డబ్బులడగలేదు. పేజీకి 400 తీసుకున్నారు. అంతకుముందు చోట 250. ఆ 150 తేడాకి నాకు బాధ లేదు.

అమ్మాయి ఫారం వేసింది, ఫీజు 750 డాలర్లు. రసీదు వచ్చింది, దాంతో కార్డు గడువు 48 నెలలు పెరిగింది, ఉద్యోగం చేసుకుంటోంది. నిర్ణయం ఇంకా రావాలి.

వెళ్లేవాళ్లు శుభలేఖ అసలుదే పట్టుకెళ్లండి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఆయన తీసుకోరు.