ఎల్‌ఎస్‌ఓఎఫ్ చూపే లెక్క వేరు, లిమిట్ లెక్క వేరు: ఏళ్ల తరబడి వాడాక

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో వేబ్రిడ్జి లెక్కలు మోసే చిన్న సర్వర్ మీద ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని పడగానే అందరి చెయ్యి ఎల్‌ఎస్‌ఓఎఫ్ (తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా చూపే కమాండ్) మీదికే పోతుంది. వరసలు లెక్కపెడితే 1,400. ఒక ప్రాసెస్ ఒకేసారి ఎన్ని తెరిచి ఉంచొచ్చో చెప్పే సాఫ్ట్ లిమిట్ 1,024. షేర్డ్ లైబ్రరీలే (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లు) తినేస్తున్నాయని తేల్చి, వాటిని తగ్గించే పనిలో పడతారు. ఉత్త చాకిరీ.

లినక్స్‌లో లోడర్ లైబ్రరీ ఫైలును తెరిచి, ఎమ్‌మ్యాప్ అనే కాల్‌తో మెమరీకి తగిలించి, డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలుకు సిస్టమ్ ఇచ్చే నంబరు, పొట్టిగా ఎఫ్‌డీ) అక్కడికక్కడే మూసేస్తుంది. బత్తాయి లారీ యార్డులోకి వచ్చాక గేటు టోకెన్ తిరిగిచ్చేసినట్టు: సరుకు లోపలే ఉంది, టోకెన్ ఇంకో లారీకి పనికొస్తుంది. అందుకే ఎల్‌ఎస్‌ఓఎఫ్ చూపే ఎఫ్‌డీ కాలమ్‌లో ‘మెమ్’, ‘టీఎక్స్‌టీ’, ‘సీడబ్ల్యూడీ’ అని ఉన్న వరసలు వదిలెయ్యాలి. 3యూ, 7ఆర్ లాంటి అంకెలున్నవే లిమిట్‌లోకి వస్తాయి. సూటి లెక్క కావాలంటే ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్లోని ఎఫ్‌డీలో ఎన్ని ఉన్నాయో చూడటమే. పక్కనే ‘లిమిట్స్’ ఫైలు అసలు పరిమితి చెబుతుంది.

లైబ్రరీకి దెబ్బ తగిలేది ఇంకో చోట. టోకెన్లన్నీ అయిపోయాక ప్లగిన్ లోడ్ చేయబోతే, ఆ క్షణానికి కావాల్సిన ఒక్క డిస్క్రిప్టర్ కూడా దొరకదు. ఎర్రర్‌లో లైబ్రరీ పేరు చూసి, ఫైలే లేదనుకుని ప్యాకేజీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లే ఎక్కువ. మూయకుండా వదిలేసి లీకయ్యేవి చాలాసార్లు సాకెట్లు, అంటే నెట్‌వర్క్ కనెక్షన్లు.

లిమిట్ పెంచేటప్పుడు లిమిట్స్ డాట్ కాన్ఫ్ మారిస్తే సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) సర్వీసుకు అంటదు. యూనిట్ ఫైల్లో ‘లిమిట్‌నోఫైల్’ రాసి, డీమన్ రీలోడ్ చేసి, సర్వీసు రీస్టార్ట్ చెయ్యాలి. పాత ప్రోగ్రామ్ ‘సెలెక్ట్’ అనే కాల్ (ఏ డిస్క్రిప్టర్ సిద్ధంగా ఉందో చూసేది) వాడుతుంటే మాత్రం 1,024 దాటించొద్దు, మెమరీ చెడుతుంది.

మ్యాక్‌లో మామూలుగా సాఫ్ట్ లిమిట్ 256 మాత్రమే, త్వరగా తగులుతుంది. అక్కడా లైబ్రరీలది తప్పు కాదు. సిస్టమ్ లైబ్రరీలు ఒకే షేర్డ్ క్యాష్‌లో ఉంటాయి, బిగ్ సర్ నుంచి డిస్క్ మీద విడి ఫైళ్లే లేవు. విండోస్‌లో హ్యాండిళ్లకు (అక్కడి డిస్క్రిప్టర్లు) కొదవ లేదు గానీ, సీ రన్‌టైమ్ ఫైళ్లు తెరిచే ఎఫ్‌ఓపెన్‌కు మొదట 512 దగ్గర గీత గీస్తుంది.

ఇంతకీ ఎల్‌ఎస్‌ఓఎఫ్ దండగేం కాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) అప్‌డేట్ చేశాక దాన్ని సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, నడిపి ‘డీఈఎల్’ (తొలగించిన ఫైలు) వరసలు వెతకండి. పాత లైబ్రరీనే పట్టుకుని కూర్చున్న సర్వీసులన్నీ బయటపడతాయి.