ఈవిల్ డెడ్: మొదటిదా, రెండోదా?

ఈవిల్ డెడ్ హారర్ సినిమాల్లో మొదటి రెండూ చూసే టైమ్ లేదంటే నా ఓటు రెండోదానికే, మొదటిది తక్కువదని మాత్రం కాదు. 1981లో వచ్చిన ఆ సినిమా బడ్జెట్ సుమారు 3.75 లక్షల డాలర్లు, షూటింగ్ మొదలైనప్పుడు డైరెక్టర్ సామ్ రైమీకి 20 ఏళ్లు. టెన్నెసీ అడవిలో ఓ పాడుబడిన ఇంట్లో, గడ్డకట్టే చలిలో తీశారు. ఖరీదైన కెమెరా సామాను కొనే స్తోమత లేక, చెక్క పలకకి కెమెరా బిగించి చెరో కొస పట్టుకుని చెట్ల మధ్య పరిగెత్తారు, తెర మీద అదే దెయ్యం తరుముకొచ్చే చూపు అయింది! నవ్వు మాత్రం అక్కడక్కడే. అడవిలో చెట్లు ఓ అమ్మాయి మీద దాడి చేసే సీన్ ఇప్పుడు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, ఇంట్లోవాళ్లతో కూర్చుని చూసేది కాదు.

1987లో రెండోదానికి దాదాపు పది రెట్ల డబ్బు దొరికింది, అయినా హాలీవుడ్ లెక్కలో చిన్న సినిమానే. మొదటి కథని కొన్ని నిమిషాల్లో కుదించి, మార్చి మళ్లీ చెప్పేస్తారు కాబట్టి నేరుగా ఇదే చూసేయొచ్చు. ఇక హీరో బ్రూస్ క్యాంప్‌బెల్ వీరంగం చూడాలి, దెయ్యం పట్టిన తన చెయ్యే తన మీద ప్లేట్లు పగలగొడుతుంటే దాన్ని రంపంతో కోసేసుకుంటాడు, తర్వాత గోడ మీది జింక తల పకపకా నవ్వడం మొదలుపెడితే దీపంతో సహా గదంతా నవ్వుతుంది, వాడూ వాటితో కలిసి నవ్వీ నవ్వీ కేకల్లోకి దిగిపోతాడు. కొత్తవాళ్లు నలుగురు వచ్చాక కాస్త నెమ్మదిస్తుంది, అయినా భరించొచ్చు. అచ్చంగా భయమే కావాలంటే మాత్రం మొదటిదే పెట్టుకోండి.