నెట్‌వర్క్ విడతలుగా మార్చేటప్పుడు కరెంటు ఆదాకు ఏ వరస మేలు?

కాలేజీలోనైనా ఆఫీసులోనైనా నెట్‌వర్క్ మొత్తం ఒకేసారి మార్చేంత బడ్జెట్ చాలా అరుదుగా దొరుకుతుంది. కొన్నేళ్ల పాటు విడతలుగా మార్చుకుంటూ పోతారు. అందుకు మూడు దారులున్నాయి: పాడైన స్విచ్‌ని (కంప్యూటర్ల నెట్ కేబుళ్లు వచ్చి కలిసే పెట్టెని) మాత్రమే మార్చడం, సర్వర్ రూమ్‌లో ఉండి అన్ని అంతస్తుల స్విచ్‌లనీ కలిపే కోర్ స్విచ్‌తో మొదలుపెట్టడం, ఒక్కో అంతస్తు రాక్‌ని, అంటే చట్రంలో బిగించిన స్విచ్‌లన్నిటినీ, పూర్తిగా మార్చేయడం. కరెంటు సంగతి చూస్తే నా ఓటు మూడోదానికే.

స్విచ్ తినే కరెంటులో ఎక్కువ భాగానికి ట్రాఫిక్‌తో సంబంధం లేదు. ఫ్యాన్లు, పవర్ సప్లై, లోపలి చిప్ పనున్నా లేకున్నా నడుస్తూనే ఉంటాయి. 48 పోర్టుల (కేబుల్ గుచ్చే చోట్ల) పాత స్విచ్‌లో ఆరు లైట్లే వెలుగుతున్నా బిల్లు పెద్దగా తగ్గదు. ఒక్క వాట్ ఏడాదంతా నడిస్తే 8.76 యూనిట్లు. 80 వాట్ల స్విచ్ ఏడాదికి 700 యూనిట్లు తాగుతుంది, దాని వేడికి ఏసీ ఖర్చు వేరే. అంటే పోర్టులు ఖాళీ చేసినందువల్ల ఒరిగేది తక్కువ. ప్లగ్ పీకితేనే ఆదా.

పాడైతేనే మార్చే పద్ధతిలో కొనుగోలు ఖర్చు తక్కువ, ఈ-వ్యర్థాలూ తక్కువ. అది నిజమైన మేలే. కానీ సగం ఖాళీగా ఉన్న పాత స్విచ్‌లు చెడిపోయేదాకా అలాగే తిరుగుతుంటాయి. పైగా 2010లో వచ్చిన 802.3ఏజెడ్ ప్రమాణం, అంటే డేటా లేనప్పుడు లింకును కునుకు తీయించే సదుపాయం, కేబుల్‌కి రెండు వైపులా ఉంటేనే పనిచేస్తుంది; ఒకవైపు పాత స్విచ్చే మిగిలితే ఆ లాభం రాదు.

కోర్‌తో మొదలుపెడితే స్పీడ్ పెరగొచ్చు. అయితే సంఖ్యలో ఎక్కువ ఉండేది అంతస్తుల్లోని స్విచ్‌లు, వాటి జోలికి ఎవరూ పోరు. ‘ఎందుకైనా మంచిది’ అని పాత కోర్‌నీ ఆన్‌లోనే ఉంచుతారు, రెండింటికీ బిల్లు కట్టాలి. కోర్‌కి సపోర్ట్ అయిపోయి, స్పేర్లు దొరకని పరిస్థితి ఉంటే తప్ప దీన్ని ముందు పెట్టనవసరం లేదు. మార్చాల్సివస్తే ఒకే రాక్‌లోని 10 గిగాబిట్ లింకులకు రాగి ఈథర్నెట్ పోర్టుల బదులు డీఏసీ కేబుళ్లు (రెండు చివర్లా ప్లగ్ బిగించే వచ్చే పొట్టి కేబుళ్లు) వాడండి. వాటికి వాట్ కూడా పట్టదు. పాత తరం రాగి పోర్టులు ఒక్కోటి నాలుగైదు వాట్లు తినేవి.

అంతస్తు వారీగా వెళితే ముందు రెండు వారాల పాటు ఏ పోర్టులు నిజంగా వాడుకలో ఉన్నాయో లెక్క తీయాలి. సగం ఖాళీగా ఉన్న మూడు 24 పోర్టుల స్విచ్‌ల పని చాలాసార్లు ఒక్క 48 పోర్టుల దానితో అయిపోతుంది. పీఓఈ (నెట్ కేబుల్ ద్వారానే పరికరాలకు కరెంటు ఇచ్చే సదుపాయం) కూడా అవసరానికి తగ్గట్టే కొనాలి. పోర్టుకి 15.4 వాట్లిచ్చే 802.3ఏఎఫ్ ప్రమాణం సరిపోయే కెమెరాల కోసం 90 వాట్ల దాకా ఇచ్చే 802.3బీటీ ప్రమాణం స్విచ్ కొంటే, ఆ పెద్ద పవర్ సప్లై తక్కువ లోడ్ మీద నడిచి కరెంటుని వేడిగా పోగొడుతుంది. క్లాసురూముల వైఫై యాక్సెస్ పాయింట్లకు రాత్రిపూట పీఓఈ ఆగేలా షెడ్యూల్ పెట్టొచ్చు. కెమెరాలు, హాస్టల్ పోర్టులు మాత్రం అందులో కలపకూడదు.

ఇబ్బంది లేకపోలేదు. ఆ అంతస్తుకి ఒక పూట నెట్ ఉండదు, కాబట్టి సెలవురోజు చూసుకోవాలి. ఇక పాత స్విచ్ ఏ తేదీన ఆపుతారో వర్క్ ఆర్డర్‌లోనే రాయించండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి రెండు వారాలు చాలు. తర్వాత ప్లగ్ తీసి, కాన్ఫిగరేషన్ బ్యాకప్‌తో సహా స్పేర్‌గా అల్మరాలో పెట్టుకోవచ్చు.