పాత్రల షీటు కోసమే కొనొచ్చు: స్క్రివెనర్

నవలల్లాంటి పెద్ద రచనలు రాసుకునే సాఫ్ట్‌వేర్ స్క్రివెనర్. దాని పేరు అనగానే అందరూ కార్క్‌బోర్డు (సీన్లని కార్డుల్లా పరిచి చూపించే తెర) గురించే చెప్తారు. నాకు అంతకంటే పనికొచ్చింది పాత్రల షీటు. నవల టెంప్లేట్ తెరిస్తే ఎడమవైపు బైండర్‌లో, అంటే ఫైళ్ల జాబితాలో, పాత్రలకి విడిగా ఒక ఫోల్డర్ ఉంటుంది. ఒక్కో పాత్రకి ఒక్కో షీటు: కథలో అతని స్థానం, వృత్తి, రూపం, స్వభావం, అలవాట్లు, గతం, లోపలి సంఘర్షణ, బయటి సంఘర్షణ.

నా నవలలో ముఖ్య పాత్ర సూర్యారావు, రిటైరైన ఆర్టీసీ కండక్టరు. డ్రాఫ్టు సగంలో ఆగిపోయి ఉంది. కొడుకు పొలం అమ్మేద్దామంటాడు, ఈయన వద్దంటాడు. ఎందుకు వద్దంటున్నాడో నా దగ్గరే జవాబు లేదు. షీటులో అలవాట్ల దగ్గర రాస్తూ పోయాను: బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు, నోట్లు పొడుగ్గా మడిచి వేళ్ల మధ్య పట్టుకుంటాడు, చిల్లర లేకపోతే టికెట్టు వెనక బాకీ రాసిస్తాడు. మరి ఆ బాకీ మర్చిపోయి దిగిపోయినవాళ్ల సంగతి? సంచిలో డబ్బు తక్కువున్నా, ఎక్కువున్నా చెకింగ్‌లో సమాధానం చెప్పుకోవాల్సిన ఉద్యోగం. అయినా సూర్యారావు ఆ డబ్బు విడిగా దాచి, తారీఖు, రూటు, స్టేజీ పేరు నోటుబుక్కులో రాసుకున్నాడు. ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇది రాశాక లోపలి సంఘర్షణ గడి నింపడానికి ఆలోచించే పని లేకపోయింది. ఆ పొలాన్ని అతని తండ్రి ఒక బీద రైతు దగ్గర కారుచవగ్గా రాయించుకున్నాడు. సూర్యారావు లెక్కలో అదీ తిరిగి ఇవ్వాల్సిన చిల్లరే. డ్రాఫ్టు రెండో సగమంతా అతను ఆ నోటుబుక్కు పట్టుకుని పాత రూటు మీద తిరగడమే.

ఇదంతా కాగితం మీద చెయ్యలేమా అంటే చెయ్యొచ్చు. కానీ ఇక్కడ ఎడిటర్‌ని రెండుగా విడగొట్టి, పైన అధ్యాయం, కింద షీటు పెట్టుకోవచ్చు. సంభాషణ రాస్తుంటే మనిషి కళ్ల ముందే ఉంటాడు. పాత్ర పేరుతో వెతికి ఆ ఫలితాన్ని కలెక్షన్‌గా (విడి జాబితాగా) దాచుకుంటే, అతను కనిపించే సీన్లన్నీ వరసగా చదువుకోవచ్చు. కోడలు పాత్ర మధ్యలో ఎక్కడ మాయమైపోయిందో నాకు అలాగే దొరికింది.

షీటుని మన ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు కూడా. నేను రూపం తీసేసి మూడు గడులు చేర్చాను: ఎవరిని ఏమని పిలుస్తాడు, ఎవరి ముందు గొంతు తగ్గిస్తాడు, ఎవరికి బాకీ. తెలుగు కుటుంబం గురించి రాసేవాళ్లకి కళ్ల రంగు కంటే ఇవే ముఖ్యం.

మెనూలు తెలుగులో లేవు, యూనికోడ్‌లో టైపు చేసుకోవచ్చు. తెలుగు ఫాంటు సెట్టింగుల్లో ముందే పెట్టుకోండి. ధర డాలర్లలో, సుమారు 60. ఒక్కసారి కడితే చాలు, నెలనెలా చందా లేదు. మ్యాక్‌కి, విండోస్‌కి లైసెన్సులు వేరు. ఐఫోన్, ఐప్యాడ్‌లకి యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌కి లేదు. ఫోన్లోనే కథలు రాసే మనవాళ్లకి ఇది పెద్ద లోటు. 30 రోజుల ట్రయల్ మాత్రం తెరిచిన రోజుల్నే లెక్కేస్తుంది. వారానికి రెండు రోజులు రాస్తే పదిహేను వారాలొస్తుంది. ఆఫీసుకెళ్తూ ఆదివారాలు రాసుకునేవాళ్లకి ముఖ్య పాత్రలన్నిటికీ షీట్లు నింపి, డ్రాఫ్టు కదిలిందో లేదో చూసుకోవడానికి ఆ గడువు సరిపోతుంది. డబ్బు ఆ తర్వాత కట్టండి.