కాశీలో ఎక్కడ దిగితే బాగుంటుంది

కాశీలో గది వెతికేవాళ్లు మొట్టమొదట అడిగేది "గుడికి ఎంత దూరం?" అని. హోటళ్లవాళ్లకీ ఆ సంగతి తెలుసు కాబట్టి ప్రతి ప్రకటనలోనూ "విశ్వనాథుడి గుడికి ఐదు నిమిషాలు" అనే ఉంటుంది. ఆ ఐదు నిమిషాలూ ఎవరి కాళ్లతో కొలిచారో రాయరు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, ఆరేళ్ల పిల్లాడు, బోలెడు సామాను ఉన్న మాలాంటి వాళ్లకి దానికంటే ముందు తెలియాల్సింది, ఆటో ఎక్కడిదాకా వస్తుందని.

ఊరి అమరిక ఒకసారి బుర్రకెక్కితే సగం టెన్షన్ పోతుంది. గంగ ఇక్కడ ఉత్తరం వైపు పారుతుంది. ఊరంతా పడమటి గట్టునే ఉంది. దక్షిణాన అస్సీ నుంచి ఉత్తరాన రాజ్‌ఘాట్ దాటేవరకూ ఎనభైకి పైగా ఘాట్లు వరసగా ఉంటాయి. ఆ వరసకి కాస్త లోపలగా ఒక రోడ్డు నడుస్తుంది: అస్సీ, శివాలా, సోనార్‌పురా, పాండే హవేలీ, మదన్‌పురా, చివరికి గోదౌలియా కూడలి. ఈ రోడ్డుకీ గంగకీ మధ్య ఉన్నవన్నీ సందులే. గోదౌలియా దగ్గర పోలీసులు బారికేడ్లు పెడతారు. అక్కడినుంచి దశాశ్వమేధ ఘాట్‌కి గానీ, గుడి గేట్లున్న మైదాగిన్ వైపుకి గానీ, జనం తిరిగే వేళల్లో నడకే. కాబట్టి మ్యాప్‌లో గుడి పక్కనే కనిపించే గదికి సామానుతో చేరడం, మూడు కిలోమీటర్ల అవతల ఉన్న గదికి చేరడం కన్నా కష్టం కావచ్చు.

మేం వెళ్లింది దసరా సెలవుల్లో. అత్తయ్యగారు, మావయ్యగారు, మేమిద్దరం, పిల్లలు. మా ఆడపడుచు కుటుంబం వేరే రైల్లో వచ్చి కాశీలో కలిశారు. అందరం ఒకేచోట దిగాలనే అనుకున్నాం కానీ మాటలు కలవలేదు. ఆడపడుచు "ఇంతదూరం వచ్చి గుడికి దూరంగా ఎందుకు వదినా" అంటుంది. మావయ్యగారికి తెలుగు పురోహితుడు దొరికే చోటు కావాలి, పితృకార్యం ఉంది. పిల్లలకి పరిగెత్తడానికి జాగా కావాలి. చివరికి ఆడపడుచువాళ్లు గుడి దగ్గరి సందుల్లోకి, మేం పాండే హవేలీ దగ్గరున్న మానసరోవర్ ఘాట్ వైపుకి వెళ్లాం. పెద్దవాళ్ల పనులు అయ్యాక మేం అస్సీకి మారాం. ఆ రకంగా మూడు పేటలూ చూసినట్టయింది.

ముందు రైలు సంగతి. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు దిగేది వారణాసిలో కాదు, దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే పాత మొగల్‌సరాయిలో. అది గంగకి అవతలి ఒడ్డు. ఊళ్లోకి పదిహేను కిలోమీటర్ల పైనే ఉంటుంది, పైగా మాలవీయ వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగిందంటే ఎంతసేపో చెప్పలేం. ఇంకో తికమక, పాత మండువాడీహ్ స్టేషన్‌కి 2021 నుంచి 'బనారస్' అని పేరు. వారణాసి జంక్షన్ వేరు, బనారస్ వేరు, కాశీ స్టేషన్ వేరు. టికెట్ మీద ఏముందో చూసుకుని ఆటో మాట్లాడుకోండి. ఎక్కడ దిగినా సోనార్‌పురా, పాండే హవేలీ, అస్సీ అంటే బండి సరాసరి వస్తుంది. సందుల్లోని గదికైతే గోదౌలియాలోనో అంతకు ముందో దింపేస్తారు.

ఆడపడుచువాళ్ల గెస్ట్‌హౌస్ త్రిపురభైరవి ఘాట్ వైపు ఒక సందులో. పేరు ఎందుకులెండి. ఫొటోలో కిటికీ నిండా గంగ ఉంది. అది గది కిటికీ కాదు, డాబా మీద తీసిన ఫొటో. గది మూడో అంతస్తు, పాత ఇల్లు, మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి, లిఫ్ట్ పెట్టే చోటే లేదు. డాబా మీద ఆరేసిన తువ్వాలు కోతి పట్టుకుపోయింది, అది వేరే కథ. సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి జరగాలి, ఎద్దు ఎదురైతే ఇద్దరూ జరగాలి. ఇదంతా విని ఆ పేట వద్దనుకోకండి. తెల్లవారుజామున వారాహి అమ్మవారి గుడి కాసేపే తెరుస్తారు. నేలలోని కంతల్లోంచి కింద ఉన్న అమ్మవారిని చూడాలి. వాళ్లు మంచం దిగి పది నిమిషాల్లో లైన్లో ఉన్నారు. మేం చీకట్లో లేచి, అత్తయ్యగారిని సిద్ధం చేసి వచ్చేసరికి లైను సందు మలుపు దాటిపోయింది. విశాలాక్షి, అన్నపూర్ణ, విశ్వనాథుడు అన్నీ చెప్పులు వేసుకోకుండా వెళ్లి వచ్చే దూరం. గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. మేం లాకర్ల కోసం నిలబడితే వాళ్లు ఫోన్లు గదిలోనే పడేసి వచ్చేవారు. నడవగలిగిన దంపతులకి, రోజుకి రెండు పూటలా దర్శనం కావాలనుకునేవాళ్లకి ఆ పేటను మించింది లేదు. 2021 డిసెంబర్‌లో గుడినీ గంగనీ కలిపే విశ్వనాథ కారిడార్ ప్రారంభమయ్యాక లలితా ఘాట్ నుంచి కూడా గుడిలోకి దారి ఉంది. పడవలో వచ్చి ఎక్కవచ్చు, కానీ మెట్లు చాలానే ఉన్నాయి.

ఇంకో విషయం పెద్దగా ఎవరూ చెప్పరు. దహనాలు జరిగే మణికర్ణిక ఘాట్‌కి వెళ్లే శవయాత్రలు ఆ సందుల్లోంచే వెళ్తాయి. "రామ్ నామ్ సత్య హై" అంటూ రాత్రీ పగలూ. మావయ్యగారు ఆగి దణ్ణం పెట్టుకునేవారు. ఆడపడుచు కూతురికి ఎనిమిదేళ్లు, రెండో రాత్రి కిటికీ మూసేయమని గొడవ చేసింది. మేం దిగిన వైపు కూడా ఇంకో శ్మశాన ఘాట్, హరిశ్చంద్ర ఘాట్ ఉంది. కేదార ఘాట్ నుంచి అస్సీ వైపు ఘాట్ల మీద నడిస్తే అది దాటాల్సిందే. పిల్లలకి ముందే నాలుగు మాటలు చెప్పి తీసుకెళ్లడం మంచిది. వద్దనుకుంటే ఆ ముక్క వరకూ రోడ్డు మీదుగా వెళ్లవచ్చు.

ఇక మా మానసరోవర్ వైపు. తెలుగువాళ్లకి ఇది సగం సొంతూరే. శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఇక్కడే, చుట్టుపక్కల తెలుగు బోర్డులు, తెలుగులో బేరమాడే పడవవాళ్లు. కేదారేశ్వరుడి గుడి దగ్గర, దాని పక్కన విజయనగర సంస్థానం వారు కట్టించిన విజయనగరం ఘాట్. మావయ్యగారిది ఆ జిల్లానే, ఆ మెట్ల మీద కూర్చుని కదలనన్నారు. హనుమాన్ ఘాట్ దాకా దక్షిణాది వాళ్ల ఇళ్లూ మఠాలూ చాలా ఉన్నాయి, పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది. పురోహితుణ్ణి మాట్లాడుకోవడం, పిండప్రదానం, ఆ తర్వాత భోజనం, ఏదానికీ హిందీ అవసరం పడలేదు. అత్తయ్యగారికి అన్నం, చారు దొరికితే చాలు, అది రెండు పూటలా దొరికింది. రోడ్డు మీద ఆటో దిగితే గదికి సందులో కొద్దిపాటి నడక, దారి చదునుగానే ఉంది. సాయంత్రం హారతికి ఘాట్ల మీదుగా దశాశ్వమేధానికి మా నడకతో ఇరవై నిమిషాలు. కాలు నొప్పి ఉన్న రోజు పడవ.

ఆశ్రమాలు, సత్రాల్లో సౌకర్యాలు ఎలా ఉంటాయో తెలిసి వెళ్లాలి. పరుపు పల్చన, దుప్పట్లు మనవే తీసుకెళ్తే మేలు, రాత్రి గేటు వేసే వేళ ఉంటుంది. కొన్ని సత్రాల్లో ఆ కులంవాళ్లకే గదులు. ఒంటరిగా వచ్చినవాళ్లకి ఇవ్వనివీ, ఇన్ని రోజులే అని హద్దు పెట్టేవీ ఉన్నాయి. తొమ్మిది రాత్రుల నిద్ర చేయాలనుకునేవాళ్లు ఆ మాట ముందే ఫోన్‌లో చెప్పి ఒప్పించుకోవాలి. అక్కడికెళ్లి బతిమాలితే కుదరకపోవచ్చు. అందరి ఆధార్ కార్డులూ ఉంచుకోండి. కింది అంతస్తులో గది, కమోడ్ ఉన్న బాత్రూమ్, ఈ రెండూ అడిగి ఖాయం చేసుకున్నందుకే మాకు ఆ నాలుగు గోడలూ హాయిగా అనిపించాయి. దసరా రాత్రుళ్లు మాత్రం ఈ పేటలో రోడ్డు కదలదు. పక్కనే బెంగాలీ టోలా, దుర్గాపూజ మండపాలు, జనం. ఒకరోజు గోదౌలియా నుంచి ఆటో దొరక్క పిల్లల్ని ఈడ్చుకుంటూ వచ్చాం.

పిల్లల్ని అడిగితే మాత్రం అస్సీయే కాశీ అంటారు. ఘాట్ విశాలంగా ఉంటుంది, బండి దాదాపు గట్టు దాకా వస్తుంది. తెల్లవారుజామున 'సుబహ్-ఎ-బనారస్' పేరుతో హారతి, సంగీతం, యోగా ఉంటాయి. దశాశ్వమేధంలో తోసుకుంటూ చూసిన హారతి కన్నా ఇక్కడ మెట్ల మీద తీరిగ్గా కూర్చుని చూసింది అత్తయ్యగారికి ఎక్కువ నచ్చింది. దుర్గాకుండ్, తులసీ మానస మందిరం, సంకటమోచన హనుమంతుడు, మన తెలుగువాళ్లు వదలకుండా వెళ్లే గవ్వలమ్మ గుడి, హిందూ విశ్వవిద్యాలయంలోని కొత్త విశ్వనాథాలయం, ఇవన్నీ ఈ వైపే. ఒక ఈ-రిక్షా మాట్లాడుకుంటే పూటలో అయిపోతాయి. లంక అనే పేట దగ్గర విశ్వవిద్యాలయం వాళ్ల పెద్దాసుపత్రి ఉంది. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఇది చిన్న విషయం కాదు. హోటళ్లలో లిఫ్ట్, వేడినీళ్లు, పిల్లలు తినే నూడుల్స్ అన్నీ ఉన్నాయి. ఆశ్రమం గదితో పోలిస్తే అద్దె చాలా రెట్లు ఎక్కువ, అది తెలిసే వెళ్లాం.

అస్సీతో వచ్చే ఇబ్బంది గుడే. ఘాట్ల వెంట సుమారు మూడు కిలోమీటర్లు. సాయంత్రం ట్రాఫిక్‌లో ఆ కాస్త దూరానికే ముప్పావుగంట పట్టింది, గోదౌలియాలో దిగాక మళ్లీ నడక. కాలభైరవుడి గుడి మైదాగిన్ దగ్గర, అది ఇంకా అవతల. అందుకే దర్శనాలు ముగించుకుని ఆఖర్న అస్సీకి మారడం మాకు కలిసొచ్చింది. మొదటే అస్సీలో దిగి ఉంటే అత్తయ్యగారికి రోజూ ప్రయాణమే సరిపోయేది. సామాను సర్దడం ఒక్కటే అదనపు పని, మావారు దానికి రెండు గంటలు గొణిగారు.

కంటోన్మెంట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెడల్పు రోడ్లు, చెట్లు, పెద్ద హోటళ్లు. బాబత్‌పూర్ విమానాశ్రయం ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం, ఆ దారి ఇటువైపే కాబట్టి పొద్దున్నే విమానం ఉందని ఆఖరి రాత్రి అక్కడ పడుకున్నాం. గది బాగుంది. "ఇది మన విజయవాడలోనూ ఉంటుంది కదమ్మాయ్" అన్నారు అత్తయ్యగారు. సారనాథ్‌లో కూడా బసలు ఉన్నాయి, ప్రశాంతంగానే ఉంటుంది, కానీ ఊరికి పది కిలోమీటర్లు. గంగ కోసం వచ్చి అక్కడ దిగడం నాకైతే అర్థం లేని పని. పగలు వెళ్లి చూసి రావచ్చు, శుక్రవారం మాత్రం మ్యూజియం ఉండదు.

గంగ మట్టం కూడా చూసుకోండి. ఆగస్టు, సెప్టెంబర్లలో వరద వస్తే కింది మెట్లు మునిగిపోతాయి, ఘాట్ నుంచి ఘాట్‌కి నడక ఉండదు, పడవలు ఆపేస్తారు, హారతి డాబాల మీద ఇస్తారు. అలాంటప్పుడు "గంగ ఒడ్డునే" అన్న గదికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ, రోడ్డుకి దగ్గరగా ఉండడమే మేలు. మేం వెళ్లేసరికి వరద తీసింది కానీ మానసరోవర్, కేదార ఘాట్ల మెట్ల మీద ఒండ్రు ఇంకా ఉంది. గొట్టాలతో నీళ్లు కొట్టి కడుగుతున్నారు. అక్కడ అత్తయ్యగారు స్నానానికి దిగలేకపోయారు, శుభ్రం చేసిన దశాశ్వమేధం దాకా పడవలో తీసుకెళ్లాం. డిసెంబర్, జనవరుల్లో మంచు వల్ల రైళ్లు గంటలకొద్దీ ఆలస్యం. అర్ధరాత్రి దిగే అవకాశం ఉంటే గేటు వేసేసే సత్రం పెట్టుకోకండి.

గది మాట్లాడేటప్పుడు మావారు కనిపెట్టిన ఉపాయం ఒకటి పనికొచ్చింది. ఫొటోలు అడగకుండా, ఆటో ఆగే చోటు నుంచి గది తలుపు దాకా ఫోన్‌తో వీడియో తీసి పంపమనేవారు. మెట్లు, సందు వెడల్పు, చీకటి, కాలవ అన్నీ అందులో తెలిసిపోతాయి. పంపనన్న రెండు హోటళ్లను వదిలేశాం. పంపినవాళ్లలో ఒకాయన వీడియో నాలుగు నిమిషాలు సాగింది, ఆయన ప్రకటనలోనూ "రోడ్డు పక్కనే" అనే ఉంది.

మా తోటికోడలు ఈసారి కార్తీకంలో వాళ్ల అమ్మగారితో వెళ్తానంటోంది. ఆవిడకి ఎనభై దగ్గర పడుతున్నాయి. పాండే హవేలీ, సోనార్‌పురా రోడ్డుకి ఆనుకుని కింది గది చూసుకోమన్నాను, అస్సీ సంగతి మర్చిపొమ్మన్నాను. కార్తీక పౌర్ణమికి దేవ్ దీపావళి, ఆ రోజుల్లో ఘాట్ల దగ్గర గదుల అద్దెలు పట్టపగ్గాల్లేకుండా పెరుగుతాయి, సత్రాలు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. దీపాలు చూడాలనుకుంటే గది ఖాయమయ్యాకే రైలు టికెట్లు తీయాలి. అక్కర్లేదనుకుంటే పౌర్ణమి దాటిన నాలుగు రోజులకి వెళ్తే అదే గది మామూలు అద్దెకి వస్తుంది.